న్యాయ ల్యాబ్‌కి ముందు మనుషుల్ని వెతుక్కో

అమ్మాయీ,

మీ కాలేజీలో జనానికి న్యాయ సాయం చేసే ల్యాబ్ పెడుతున్నామని, గది దొరికింది, కంప్యూటర్లు వస్తున్నాయి, యాప్ ఎవరిచేత చేయించమంటారు అని అడిగావు. యాప్ ఏడాది ఆగినా నష్టం లేదు. ఆ గదిలో ఏ బల్ల దగ్గర ఎవరు కూర్చుంటారన్నది మాత్రం తలుపు తెరవకముందే తేలాలి.

పేరున్న ల్యాబుల్లోనూ ఇదే కనబడుతుంది. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో లీగల్ డిజైన్ ల్యాబ్ నడిపే మార్గరెట్ హేగన్ న్యాయశాస్త్రం చదివి డిజైన్ పనిలోకి వచ్చినావిడ. 2020లో కోవిడ్‌తో కోర్టులు మూతపడ్డప్పుడు బోస్టన్‌లోని సఫక్ లా స్కూల్ ల్యాబ్ వాళ్లు కోర్టు ఫారాల్ని ఫోన్లోనే నింపుకునేలా చేశారు. ప్రోగ్రాం రాసేవాళ్లతో పాటు న్యాయవాదులూ పనిచేస్తేనే అది అయింది. హార్వర్డ్‌లో జేమ్స్ గ్రైనర్ బృందం, చేసిన సాయం నిజంగా అక్కరకొచ్చిందా లేదా అని కొత్త మందుని పరీక్షించే పద్ధతిలోనే తేల్చి చూస్తుంది. శ్రీకాకుళంలో నీకు కావలసిన మనుషులు వేరు.

మొదట ఒక న్యాయవాది. 1961 అడ్వకేట్స్ యాక్టు ప్రకారం ఎన్‌రోల్ అయినవాళ్లే కోర్టులో వాదించాలి, విద్యార్థులు కాదు. అందుకని గదిలోంచి బయటికి వెళ్లే ప్రతి కాగితం, ప్రతి సలహా ఆయన చూశాకే వెళ్లాలి. ఉచిత న్యాయ సహాయం చూసే జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శిని కలిసి, వాళ్ల జాబితాలో ఉన్న ప్యానెల్ న్యాయవాది ఒకరిని వారానికి రెండు పూటలు పంపమని రాతపూర్వకంగా అడుగు. కాలేజీల్లోని న్యాయ సహాయ కేంద్రాల్ని ప్రోత్సహించడం, పర్యవేక్షించడం 1987 న్యాయసేవాధికార సంస్థల చట్టమే వాళ్ల వ్యవస్థకు అప్పగించింది. మొహమాటపడకు.

ఇక అసలు మనిషి, వచ్చినవాళ్ల గోడు విని రాసుకునేవాళ్లు. మూట్ కోర్టులో, అంటే ఉత్తుత్తి కోర్టు వాదనల పోటీలో, కప్పు గెలిచిన పిల్లల్ని ఇక్కడ కూర్చోబెట్టాలనిపిస్తుంది, కూర్చోబెట్టకు. వాళ్లకి జవాబు చెప్పే తొందరెక్కువ. మన యాస అర్థమై, పది నిమిషాలు అడ్డు రాకుండా వినగలిగిన పిల్ల కావాలి. "అడంగల్లో నా పేరెక్కలేదు బాబూ" అని వచ్చినాయన అసలు తగువు తమ్ముడితో పంపకాల దగ్గరుంటుంది. మధ్యలో ఆపితే అది బయటికి రాదు, మీరు తహసీల్దారుకి అర్జీ రాసి పంపేస్తారు, ఆర్నెల్లకి ఆయన మళ్లీ అక్కడే ఉంటాడు.

కథంతా వినకముందే అవతలివాళ్ల పేరు అడిగి రిజిస్టర్లో వెతకాలి. మొన్న భార్య వచ్చి చెప్పుకున్న బల్ల దగ్గరికే ఇవాళ భర్త వస్తే, ఆయన మాట వినకుండా న్యాయసేవాధికార సంస్థకి పంపాలి. ఆ తర్వాత వాళ్ల మాటల్లోనే సమస్య, చేతిలో ఉన్న కాగితాలు, తేదీలు రాయాలి. కేసు అప్పటికే నడుస్తుంటే కోర్టు ఆ కేసుకి ఇచ్చిన పదహారు అక్షరాల సీఎన్ఆర్ నంబరు కూడా, ఇంకా రెండు ఫోన్ నంబర్లు. అసలు కాగితాలు ఒక్క రాత్రికైనా ఉంచుకోవద్దు, జిరాక్స్ తీసి చేతికిచ్చేయండి. కాగితం ఫోటో వాట్సాప్ గ్రూపులో పడకూడదు. ఇది చిన్న జిల్లా, అవతలివాళ్ల బంధువు ఆ గ్రూపులోనే ఉంటాడు.

తేదీల మీద నువ్వే రోజూ కన్నేయాలి. చెక్కు బౌన్సైతే బ్యాంకు కబురు అందిన 30 రోజుల్లో నోటీసు వెళ్లాలి, అందుకున్నాక 15 రోజుల్లో డబ్బు కట్టకపోతే ఆపైన నెలలోపు ఫిర్యాదు వెయ్యాలి. కింది కోర్టు సివిల్ డిక్రీ మీద జిల్లా కోర్టుకి అప్పీలు 30 రోజులే. పరీక్షలు అయ్యాక చూద్దాం అనుకుంటే ఆ మనిషి హక్కే పోతుంది. గడువున్న కేసు అదే రోజు న్యాయవాది చేతికి వెళ్లాలి.

ఇంకొకటి, వచ్చిన ప్రతివాళ్లనీ ఆదాయ ధ్రువపత్రం తెమ్మని పంపేస్తుంటారు. ఆ 1987 చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు, తుఫాను బాధితులకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఉచిత న్యాయ సహాయానికి ఆదాయ పరిమితి లేదు. మందసనుంచి రెండు బస్సులు మారి వచ్చిన ఆడమనిషిని ఆ కాగితం కోసం తిప్పి పంపితే మళ్లీ రాదు. గోడ మీద ఇది పెద్దక్షరాలతో రాయించు, కింద న్యాయ సహాయం హెల్ప్‌లైన్ 15100 నంబరు వేయించు.

మెళియాపుట్టి, మందస కొండల నుంచి వచ్చేవాళ్ల కోసం సవర గిరిజనుల భాష మాట్లాడే పారా లీగల్ వాలంటీరు, అంటే న్యాయ సహాయంలో తర్ఫీదు పొందిన కార్యకర్త, తప్పనిసరి. వెంట వచ్చిన మరిదిచేతో, బడి పిల్లాడిచేతో తర్జుమా చేయించవద్దు. ఇంట్లో కొడుతున్నారన్న సంగతి ఆ మరిది నోట మీ దాకా రాదు. సవరల కోసం వాళ్ల భాష నేర్చుకున్న గిడుగు రామమూర్తి గారు పుట్టిన జిల్లా మనది, వాడుక భాష కోసం పోరాడిందీ ఆయనే. మన ల్యాబ్ ఫారం గ్రాంథికంలో ఉంటే ఎలా? ఫారాలు రాయడానికి తెలుగు శాఖ నుంచి ఒకరిని పిలువు. అచ్చు వేయకముందు ఆర్టీసీ కాంప్లెక్స్‌లో ఐదుగురిచేత చదివించి, ఏం అర్థమైందో వాళ్లనే చెప్పమనండి. ఎక్కడ ఆగారో అక్కడ మాట మార్చండి. "ప్రతివాది" తీసి "మీరు ఎవరి మీద కేసు వేస్తున్నారు" అని రాస్తే చాలు. కంప్యూటర్ శాఖ పిల్లల పని ఇదంతా అయ్యాకే.

తిరిగి ఫోన్ చేసేవాళ్లని మాత్రం మరవకు. వచ్చి వెళ్లిన ప్రతి మనిషికీ ముప్పయ్యో రోజున, తొంభయ్యో రోజున ఫోన్ చేసి పని అయిందా, ఎక్కడ ఆగింది అని అడిగి రాయాలి. మీ సాయం పనిచేసిందో లేదో చెప్పేది ఆ రిజిస్టరే. ఎంతమంది వచ్చారన్న లెక్క పత్రికలకి పనికొస్తుంది, నీకు కాదు.

చివరి ఏడాది పిల్లలు వేసవిలో వెళ్లిపోతారు. ఫిబ్రవరి నుంచే ప్రతి కేసుకీ ఒక జూనియర్‌ని జత చేసి, క్లయింటుకి ఆ మనిషిని ముఖాముఖి చూపించాలి. సెలవుల్లో గదికి తాళం వేయకు. గుజరాత్ వైపు పడవల మీద పనిచేసే మన మత్స్యకారులు, పడమటి తీరంలో జూన్ 1న వేట నిషేధం మొదలయ్యేటప్పటికి ఇళ్లకు చేరతారు. ఏడాదంతా వాళ్ల ఆడవాళ్లు వచ్చి చెప్పుకున్న కేసుల్లో వకాలత్ మీద, అంటే న్యాయవాదికి కేసు అప్పగించే కాగితం మీద, మగవాళ్ల సంతకం పడేది ఆ రోజుల్లోనే. జూన్, జూలైలకు వంతులపట్టిక రాసి, ఎవరెవరు ఉంటారో పేర్లతో నాకు పంపు. చూసి చెప్తాను.

ఆశీస్సులతో,
నీ మావయ్య