తాళంచెవి నీ ఒక్కడి దగ్గరే ఉంచుకోవద్దు

ప్రియమైన బాబుకు, ప్రభువు నామమున పెదనాన్న ఆశీస్సులు.

ఈస్టర్ పండుగ తర్వాత ఉద్యోగం మానేసి, హైదరాబాదులో అద్దె హాలు తీసుకుని పూర్తికాల సేవ మొదలుపెడుతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మన ఇంటి నుంచి ఒకడు వాక్యం పట్టుకుని నిలబడుతున్నాడన్న సంతోషం ఒక పక్క, నువ్వు ఆమెతో అన్న మాటలకు భయం ఇంకో పక్క. కానుకలు నీ ఫోను నంబరుకే వస్తాయనీ, లెక్క చూడడానికి కమిటీ అక్కరలేదనీ, దేవుడు చూస్తున్నాడు గదా, డబ్బు మీద ఆశ నాలో ఎప్పుడో చచ్చిపోయిందనీ అన్నావట.

హాలుకు ఒప్పంద పత్రం రాయించుకో. ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టుకో. కోడలు మనస్ఫూర్తిగా ఒప్పుకునేదాకా రాజీనామా ఇవ్వవద్దు. ఇవన్నీ నీకు తెలిసినవే. తెలియనిది ఒకటుంది, మీ నాన్నకు కూడా నేను దాన్ని నిజంగా చెప్పలేదు.

1977లో నాకు 24 ఏళ్లు. కృష్ణా డెల్టాలో మన ఊరి సంఘానికి నేనే కోశాధికారిని. కొత్త మందిరం కోసం కూడబెట్టిన సొమ్ము ఒక రేకుపెట్టెలో, దాని తాళంచెవి నా మొలతాడుకు ఉండేవి. స్త్రీలు వంట చేసే ప్రతిపూటా గుప్పెడు బియ్యం పక్కకు తీసి ఆదివారం గుడికి తెచ్చేవారు. వాటిని అమ్మగా వచ్చిందే అందులో ఎక్కువ భాగం. ఆనాటి సంఘ పెద్ద ఒకాయన, "అబ్బాయీ, పెట్టెకు రెండు తాళాలు వేద్దాం, ఒక చెవి నా దగ్గర ఉంటుంది" అన్నారు. నాకు అవమానంగా తోచింది. తెల్లవారుజామున నాలుగింటికి లేచి ప్రార్థించే నన్ను, వారానికి రెండు రోజులు ఉపవాసముండే నన్ను అనుమానిస్తారా అని మూడు వారాలు ఆయనతో మాట్లాడలేదు. చివరికి ఆయనే ఊరుకున్నారు.

ఆ ఏడు నాట్లకు కూలి డబ్బు తక్కువపడింది. పెట్టెలోంచి 400 రూపాయలు తీశాను. దొంగతనం చేస్తున్నానని నాకు ఒక్క క్షణం కూడా అనిపించలేదు బాబూ, నీకు చెప్పదలచుకున్నది అదే. మోకాళ్లూని, ప్రభువా, కోతలు కాగానే తిరిగి పెట్టేస్తాను అని ప్రార్థించి మరీ తీశాను. నా మీద నాకున్న నమ్మకాన్నే విశ్వాసం అనుకున్నాను. ఎరువులకు మరో 300 తీసినప్పుడు ఆ ప్రార్థన కూడా చేయలేదు.

నవంబరు 19న ఉప్పెన వచ్చింది. దివిసీమలో వేలాదిమంది కొట్టుకుపోయారు. మన ఊరిదాకా సముద్రం రాలేదు గాని, తాటాకు కప్పులు గాలికి లేచిపోయాయి, కోతకు వచ్చిన వరి నీళ్లలో పడుకుంది. మూడోనాడు పెద్దలు కూడి, మందిరం తర్వాత కట్టుకుందాం, ఆ డబ్బుతో బియ్యం, తాటాకు కొందాం, పెట్టె తెమ్మన్నారు. అందులో 112 రూపాయలున్నాయి. ఎవరూ తిట్టలేదు. ఇల్లు పోయి, పసి మనవణ్ని గోనెపట్టాలో చుట్టి ఒళ్లో పెట్టుకున్న ఒక ముసలామె, గుప్పెడు బియ్యం ఏనాడూ తప్పనిది, పెట్టెలోకి చూసి, ఆ తర్వాత నా ముఖంలోకి చూసింది. ఇప్పటికీ కానుక పళ్లెం నా ముందుకు వస్తే నాకు ఆ కళ్లే కనిపిస్తాయి. మీ నాయనమ్మ తన గొలుసు అమ్మి ఆ బాకీ తీర్చింది. అది గాలివానలో పోయిందని మీ నాన్నతో చెప్పాము.

మార్కు సువార్త 14వ అధ్యాయం మళ్లీ చదువు. అందరూ పడినా నేను పడనన్న శిష్యుడు పేతురు, మెలకువగా ఉండమని ప్రభువు అడిగిన ఆ రాత్రే గెత్సేమనే తోటలో నిద్రపోయాడు. లేపినప్పుడు ప్రభువు అతణ్ని పేతురు అనలేదు, సీమోనూ అని పాత పేరుతో పిలిచాడు. పేతురు ప్రేమ అబద్ధం కాదు, నీదీ కాదు. తన బలమెంతో తనకు తెలుసుననుకున్నాడు, అక్కడే దెబ్బ తిన్నాడు. దేవుడు చూస్తున్నాడు గదా అంటావా, ఆ సంగతి అపొస్తలుడు పౌలు కంటే నీకు ఎక్కువ తెలుసా? యెరూషలేము విశ్వాసుల కోసం పోగుచేసిన చందా విషయంలో ఆయన తన సహచరుడు తీతుతో పాటు మరి ఇద్దరు సహోదరులను పంపాడు. ప్రభువు ఎదుటనే కాక మనుష్యుల ఎదుట కూడా సరిగా ఉండాలని కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో కారణం కూడా చెప్పాడు. పరదైసు అనే పరలోకం దాకా వెళ్లివచ్చిన మనిషి, ఆ డబ్బు బాధ్యత ఒక్కడే మోయలేదు.

కాబట్టి సంఘాన్ని సొసైటీగా గాని ట్రస్టుగా గాని నమోదు చేయించి, దాని పేరనే బ్యాంకు ఖాతా తెరువు. ఇద్దరు సంతకం చేస్తే తప్ప రూపాయి బయటికి రాకూడదు. ఆ రెండోవాడు నీ ప్రతి మాటకూ తలూపేవాడు కాకూడదు. నిన్ను దైవజనుడా అని పిలిచేవాళ్లు రేపు చాలామంది వస్తారు, బాబూ అని పిలిచి కాదు అనగలవాణ్ని ఇప్పుడే వెతుక్కో.

కోపంతో రాశాననుకోవద్దు. నీకు ఐదేళ్లప్పుడు కానుక వేయమని నీ చేతిలో రూపాయి బిళ్ల పెడితే, పళ్లెం దాటిపోయేదాకా పిడికిలి విప్పలేదు. ఆ తర్వాత ఏడ్చుకుంటూ పళ్లెం పట్టుకున్నాయన వెంట గుడి చివరిదాకా పరుగెత్తావు. ఆ పిల్లవాణ్ని తలచుకునే ఈ లేఖ రాస్తున్నాను.

మొదటి ఆరాధనకు నేనూ పెద్దమ్మా ముందురోజే వస్తాము. కానుకలు లెక్కించేటప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకో. నోట్లు నువ్వు లెక్కపెట్టు, చిల్లర నేను పేరుస్తాను.

ప్రేమతో,
పెదనాన్న