లంగర్ చేతికొచ్చిన మేనల్లుడికి

దొమ్మలూరు, బెంగళూరు

నాయనా,

సరిహద్దు పోస్టులో నీకు లంగర్, అదే జవాన్ల వంటశాల, అప్పజెప్పారని మీ అమ్మ ఫోన్ చేసింది. తుపాకీ వదిలి గరిటె పట్టాడని తోటివాళ్ళు నవ్వుతారు. నవ్వనీ. ఒక్కపూట కూర తేడా చేస్తే కంపెనీ అంతా చెంబులు పట్టుకుని పరిగెత్తుతుంది.

వంట నీకొచ్చు. దించినప్పటి నుంచి వడ్డించేదాకా గడిచే గంటల గురించే నా భయం. ఒక క్యాంపులో మధ్యాహ్నం రెండింటికి మటన్ దించాం. కాన్వాయ్ రాత్రి పదికి గానీ రాలేదు. వేడి పోకూడదని డేక్సా మీద మూత, మూత మీద గోనెపట్టా కప్పాను, అదీ నా తెలివి! కాస్త వెచ్చచేసి పెట్టేశాను. తెల్లారి ఆరింటికి మొదలయ్యాయి కడుపునొప్పులు, విరేచనాలు. జ్వరం లేదు, వాంతులు ఒకరిద్దరికే. డాక్టర్ సాబ్ వస్తూనే "మిగిలిన కూరేది?" అన్నారు. భయపడి అప్పటికే పారబోయించి, డేక్సా తోమించేశాను.

క్లాస్ట్రీడియం అనే క్రిమి గింజలు ఉడికినా చావవట. పెద్ద గిన్నె నిదానంగా చల్లారుతుంటే మళ్ళీ మొలుస్తాయి. అన్నంలో పుట్టే బాసిల్లస్ సీరియస్ ఇంకా మొండిది, అది వదిలిన విషం మళ్ళీ మరిగించినా పోదు. అందుకే 60 డిగ్రీల పైన పొగలు కక్కుతూ ఉంచు, లేదా వెడల్పు పళ్ళేల్లో పలచగా పరిచి త్వరగా చల్లార్చు. అన్నిటికన్నా మేలు, కాన్వాయ్ దగ్గరికొచ్చాకే పొయ్యి ముట్టించడం. ఆకలి మీద ఓ అరగంట తిడతారు, పడు.

ప్రతి వంటలోంచి గరిటెడు తీసి, మూతడబ్బాలో కనీసం 24 గంటలు చల్లగా దాచు. ఎవరు ఏం తిన్నారో, ఎన్నింటికో రాసిపెట్టు. ఒకటి నుంచి ఆరు గంటల్లోపు వాంతులైతే డాక్టర్‌కి ఒక అనుమానం, ఎనిమిది దాటాక విరేచనాలైతే వేరే అనుమానం. తినకుండా పడుకున్నవాడి పేరు కూడా రాయి అబ్బీ, వాడే గట్టి సాక్షి.

వేలికి చీముపుండున్న వంటవాణ్ణి సెలవు కోసం నాటకమాడుతున్నాడనుకోకు. పొయ్యి దగ్గర్నుంచి తప్పించు.

నీళ్ళలో ఎంత బ్లీచింగ్ కలపాలో తేల్చడానికి హొరాక్స్ పెట్టె ఉంటుంది. ఎన్నో తెల్లకప్పులో మొదట నీలం తేలిందో, 455 లీటర్లకి ఆ పెట్టెలోని చెంచాతోనే అన్ని చెంచాల బ్లీచింగ్. గంట ఆగాకే తాగనివ్వు.

మీ అత్త ఓళిగలు కడుతోంది. చేరేసరికి ఎన్నాళ్ళవుతుందో, వాసన చూసి తిను.

మీ మామ