ఆడవాళ్లకు మగవాళ్లలో నిజంగా ఏం నచ్చుతుంది?

"ఎత్తు, రంగు, జీతం, జిమ్ బాడీ... అమ్మాయిలు అసలు చూసేది ఏది?" అని అడిగారు. అన్నీ చూస్తాం. కానీ చూడటం వేరు, నచ్చడం వేరు.

ఇంట్లో సంబంధాలు చూస్తున్నప్పుడు నేనూ ఒక లిస్టు చెప్పాను. నాకన్నా పొడుగు, మంచి ఉద్యోగం, హైదరాబాద్‌లోనే ఉండాలి. మూడూ ఉన్న అబ్బాయిని కాఫీ షాపులో కలిస్తే, కూర్చున్నంతసేపూ తన ఆన్‌సైట్ కబుర్లే చెప్పాడు. నేనేం పని చేస్తానో అడగనే లేదు. ఇంటికొచ్చి వద్దన్నాను. "ఇంకేం కావాలే నీకు?" అంది అమ్మ. ఏం చెప్పాలో నాకే తెలియలేదు.

ఇది నా ఒక్కదాని తిక్క కాదులెండి. ఈస్ట్‌విక్, ఫింకెల్ అనే అమెరికా సైకాలజిస్టులు కాలేజీ పిల్లలతో స్పీడ్ డేటింగ్ (ఒక్కొక్కరితో కొద్ది నిమిషాలే మాట్లాడి తర్వాతివాళ్లను కలవడం) పెట్టించి, ఆ ఫలితాలు 2008లో ప్రచురించారు. ఎలాంటివాళ్లు కావాలో ముందే అడిగి రాసుకున్నారు. తీరా ఎదురుగా కూర్చున్నాక ఎవరు నచ్చారో చూస్తే, ముందు చెప్పినదానికీ దానికీ పెద్దగా పొంతన లేదు.

జీతం సంగతి మాత్రం దాచను. డేవిడ్ బస్ అనే మరో అమెరికా సైకాలజిస్టు 37 సంస్కృతుల్లో పదివేల మందికి పైగా అడిగి 1989లో ప్రచురించిన ఫలితాల్లో, సంపాదనకు మగవాళ్లకన్నా ఆడవాళ్లే ఎక్కువ విలువిచ్చారు. అయితే ఆడా మగా ఇద్దరూ దానికన్నా పైన పెట్టినవి మంచితనం, తెలివి. ఈ రెండో ముక్క ఎవరూ షేర్ చేయరు!

నాకు నచ్చినవాడి విషయం చెప్తాను. మా టీమ్‌లోనే ఉండేవాడు. ఒకసారి సినిమాకి వస్తావా అని అడిగాడు. రానన్నాను. "సరే" అన్నాడు. మర్నాడు నాకు టెన్షన్. ఇక మాట్లాడడేమో, లేదా ఎందుకు రావని పదేపదే అడుగుతాడేమో అని. అలాంటివి అప్పటికే చూసి ఉన్నాను. అతను మాత్రం మామూలుగా వచ్చి, నా కోడ్‌లో తప్పు చూపించి, టీకి అందరితో పాటు నన్నూ పిలిచాడు. ముఖం మాడ్చుకోలేదు, వెనకాల ఎవరి దగ్గరా మాట జారలేదు. అతన్ని నేను సరిగ్గా గమనించడం అప్పుడే మొదలైంది. ఆడవాళ్లకు "వద్దు" అనడం వెనక ఎంత భయం ఉంటుందో చాలామంది మగవాళ్లకు తెలియదు. ఆ భయం లేకుండా చేసినవాడి దగ్గర నవ్వు దానంతటదే వస్తుంది. అలాగని నచ్చేదాకా మంచివాడిలా నటిద్దాం అనుకోకండి, రెండు వారాల్లో తెలిసిపోతుంది.

రూపానికొస్తే, సిక్స్ ప్యాక్‌ని మా హాస్టల్లో అమ్మాయిలకన్నా మీ జిమ్‌లో అబ్బాయిలే ఎక్కువ మెచ్చుకుంటారు. శుభ్రమైన గోళ్లు, ఇస్త్రీ చొక్కా, ఒంటికి సరిపోయే ప్యాంటు చాలు. సెంటు మాత్రం లిఫ్ట్ తలుపు తెరుచుకోకముందే తెలిసిపోయేంత కొట్టుకోకండి.