చిమ్మట తొండానికి వాసన తెలుస్తుందా?

ప్రశ్న: చిమ్మటలు తలమీది మీసాలతో వాసన చూస్తాయని చదివాను. మరి తొండం ఉత్త స్ట్రా లాంటిదేనా, తేనె పీల్చడం తప్ప దానికి వేరే పనేమీ లేదా?

జవాబు: ఉంది, చాలానే ఉంది. దూరం నుంచి వచ్చే వాసన పసిగట్టడంలో మీసాలదే పైచేయి, కానీ పువ్వు దగ్గరికి చేరాక తొండం కూడా రంగంలోకి దిగుతుంది. చుట్ట చుట్టుకుని ఉండే ఆ తొండం కొస దగ్గర కంటికి కనిపించనంత చిన్న మొనలుంటాయి, వాటిలో నాడీకణాలుంటాయి. రుచి చూసే మొనకి చివర ఒకే రంధ్రం ఉంటుంది, తేనె తగలగానే అందులో చక్కెర ఉందో లేదో అక్కడే తెలిసిపోతుంది. వాసన చూసే మొనకైతే గోడంతా బోలెడు రంధ్రాలు, గాలిలోని అణువులు వాటిలోంచే లోపలికి వెళ్తాయి.

తొండం వాసన కూడా చూస్తుందన్న సంగతి బయటపడింది ఈమధ్యే, 2016లో. జర్మనీలోని యెనా నగరంలో ఉన్న మాక్స్ ప్లాంక్ కెమికల్ ఎకాలజీ సంస్థ శాస్త్రవేత్తలు, పూలకు వాసన రాకుండా జన్యువులు మార్చిన అడవి పొగాకు మొక్కల దగ్గరికి, మామూలు మొక్కల దగ్గరికి హాక్ మాత్ అనే పెద్ద చిమ్మటలను వదిలి చూశారు. వాసన లేని పువ్వులో తొండం పెట్టినా అవి తేనె కోసం ఎక్కువసేపు ప్రయత్నించలేదు. కారణం వెతికితే తొండం కొసలోనే వాసన పట్టే నాడీకణాలు దొరికాయి! అంటే పువ్వు వాసన చిమ్మటను పిలవడానికే కాదు, వచ్చినదాన్ని కాసేపు నిలబెట్టడానికి కూడా పనికొస్తుంది. నాకు ఇందులో బాగా నచ్చింది ఇదే, ఎందుకంటే అది ఎంతసేపు ఆగుతుందన్నదాని మీద పువ్వు పరాగసంపర్కం కూడా ఆధారపడుతుంది.

నోటి దగ్గర ఇంకో విశేషం, తొండానికి అటూఇటూ ఉండే రెండు చిన్న స్పర్శాంగాలు. వాటి చివర గుంటలో కార్బన్ డయాక్సైడ్‌ను పసిగట్టే కణాలుంటాయి. అప్పుడే విచ్చుకున్న ఉమ్మెత్త పువ్వు ఆ వాయువును ఎక్కువగా వదులుతుంది, అలాంటి పువ్వులో తేనె కూడా ఎక్కువే, కాబట్టి హాక్ మాత్‌కి అదొక మంచి గుర్తు.

అన్ని చిమ్మటలూ ఇంతే అనుకోకండి. పట్టుపురుగు రెక్కలొచ్చాక అసలు ఏమీ తినదు, మగదానికి కావలసిందల్లా ఆడదాని వాసన, దాన్ని పట్టుకోవడానికి మీసాలు చాలు.