సీతాఫలం కళ్లు విచ్చే కాలం

"మన చుట్టుపక్కల, ఆయా కాలాల్లో పండేవే తింటే పర్యావరణానికి నిజంగా మేలు జరుగుతుందా?" అని అడిగారు. జరుగుతుంది. నాకు ఇందులో అనుమానం లేదు. అయితే లారీ తిరిగే దూరం తగ్గుతుందని అందరూ చెప్పే కారణం చాలా చిన్నది. నేను పెద్ద కారణాన్ని మా వంటగదిలో చూశాను.

నాలుగేళ్ల కిందట దసరాకు ముందు మా అబ్బాయికి జ్వరం వచ్చి తగ్గింది. నోరు చేదుగా ఉందని అన్నం ముట్టడం లేదు. ఇంటి దగ్గరి సూపర్ మార్కెట్‌కు వెళ్లి నాలుగు ఆపిల్ పండ్లు, ఒక పెట్టె కివీలు తెచ్చాను. పెట్టె ప్లాస్టిక్, లోపలి అర ప్లాస్టిక్, పైన చుట్టిన పొర ప్లాస్టిక్. ప్రతి కాయకూ ఒక స్టిక్కరు. కివీ పుల్లగా ఉందని వాడు ఉమ్మేశాడు. ఆపిల్ ఒక ముక్క కొరికి పక్కన పెట్టాడు.

మర్నాడు మా అమ్మ జడ్చర్ల నుంచి బస్సులో వచ్చింది. వెంట ఒక గోనెసంచి, అందులో వరిగడ్డి మధ్య సీతాఫలాలు. వాటిని వంటగది నేల మీద పరిచి ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని చూసింది. కాయ మీది బుడిపెల మధ్య సందులు వెడల్పయి లేత పసుపుగా కనిపిస్తే కళ్లు విచ్చినట్టు. అలాంటివి రెండు మూడు రోజుల్లో పండుతాయి. కళ్లు విచ్చక ముందే కోసిన కాయ గట్టిగా ఉండి నల్లబడుతుందే తప్ప తీపి రాదు. అమ్మ వాటిని మూడు వరుసలు పేర్చింది. ఇవాళ్టివి, రేపటివి, ఎల్లుండివి. మొదటి వరుసలోంచి ఒకటి తీసి బొటనవేళ్లతో మెల్లగా నొక్కితే రెండు చిప్పలుగా విడిపోయింది. తొడిమ దానంతటదే ఊడివచ్చింది. అబ్బాయి చెంచా కూడా అడగలేదు. గింజలు ఒక్కొక్కటీ స్టీలు గిన్నెలో పడుతుంటే ఆ చప్పుడు వింటూ నిలబడిపోయాను. వారం తర్వాత పిల్లవాడు కడుపు నిండా తిన్నది ఆ రోజే.

ఆ కాయలకు ఎవరూ నీళ్లు పెట్టలేదు, మందు కొట్టలేదు. పాలమూరు గుట్టల మీద రాళ్ల మధ్య వానకు పెరిగి వానకే కాసే చెట్లవి. ఆకు చేదు కాబట్టి మేకలు కూడా ముట్టవు, కంచె అక్కరలేదు. బాలానగర్ సీతాఫలానికి పెద్ద పేరు. ఆ కాలం వచ్చిందంటే హైదరాబాద్ నుంచి కర్నూలు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి పక్కన ఆడవాళ్లు గంపలు పెట్టుకుని కూర్చుంటారు. పండాక రెండు రోజులు కూడా ఆగని పండు. అందుకే పండిన చోటుకు దగ్గర్లోనే, పండిన నెలలోనే తినాలి. ఆపిల్ సంగతి వేరు. కశ్మీర్‌లో, హిమాచల్‌లో శరదృతువులో కోసిన కాయలను ఆక్సిజన్ తగ్గించిన చల్లటి గదుల్లో నెలల తరబడి నిలవ ఉంచి మనకు ఎండాకాలంలో అమ్ముతారు. అన్ని నెలలూ ఆ గదులకు కరెంటు కావాలి.

దూరానికి విలువ లేదనేవారు 2018లో సైన్స్ పత్రికలో వచ్చిన పూర్, నెమెచెక్ అనే పరిశోధకుల అధ్యయనాన్ని చూపిస్తారు. ఆ లెక్కల్లో ఆహారం వల్ల వెలువడే, భూమిని వేడెక్కించే వాయువుల్లో రవాణా వాటా 6 శాతం దగ్గరే ఉంది. ఒప్పుకుంటాను. విమానంలో వచ్చే పండ్లను పక్కన పెడితే దూరం మీద పోట్లాడి లాభం లేదు. ఏ నేలలో, ఏ నీటితో, ఏ నెలలో పండిందన్నదే నా లెక్క. మా ఊరి పొలిమేరలో బోరు నీళ్లతో యాసంగిలో పండించిన వరి కూడా స్థానికమే కదా! నీళ్లు నిలిచిన మడిలోంచి భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు వస్తుంది, భూగర్భజలం అడుగంటుతుంది. నల్లరేగడిలో వేసిన జొన్న మాత్రం నేలలోని తడికి, మంచుకు పండుతుంది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ చుట్టుపక్కల ఊళ్ల మహిళా సంఘాలు దశాబ్దాలుగా ఇలాంటి పాత పంటల విత్తనాలు కాపాడుతున్నాయి. వాళ్లు చేస్తున్నది మన పాఠ్యపుస్తకాల్లో ఎందుకు ఉండదో నాకు అర్థం కాదు.

టమాటా గురించి కూడా చెప్పాలి. 2023 జులైలో కిలో వంద దాటినప్పుడు వంటిల్లు మూతపడ్డట్టు మాట్లాడారు. పులుపుకు మనకు చింతపండు లేదా, గోంగూర లేదా, చుక్కకూర లేదా? సరిగ్గా ఆ నెలలోనే వాక్కాయలు వస్తాయి. గులాబీ రంగు కాయలను చీల్చి గింజ తీస్తుంటే వేళ్లకు పాలు అంటుకుంటాయి, అంతే కష్టం. వాక్కాయ పప్పు తిన్నవారు టమాటా పప్పును తలచుకోరు.

కాలం కాని కాలంలో ఏం తినాలని అడిగేవారికి ఒరుగులు ఉన్నాయి. మా అమ్మ ఎండాకాలంలో గోరుచిక్కుడుకాయలను ఉప్పునీళ్లలో ఒక పొంగు రానిచ్చి ఎండబెట్టేది. వానల్లో కూరగాయలు దొరకని రోజున ఆ ఒరుగులు నూనెలో వేయిస్తే చాలు. ఎండకు కరెంటు బిల్లు లేదు. మొన్నటి వేసవిలో నేనూ రెండు చాపల నిండా పరిచాను. డాబా అందం పాడవుతుందని, అక్కడ ఏదీ ఆరబెట్టకూడదని మా అపార్టుమెంటు సంఘం తీర్మానం చేసింది. అదే డాబా మీద ఏసీల బయటి యూనిట్లు పద్దెనిమిది ఉన్నాయి. వాటి గురించి ఎవరూ మాట్లాడలేదు. వచ్చే సమావేశంలో నేను మాట్లాడతాను.