ధర్నాకు ముందు ఒక ఇంటి తలుపు తట్టు

అమ్మలూ,

చికానో విద్యార్థుల, అంటే మెక్సికో మూలాలున్న అమెరికన్ పిల్లల, సంఘం మీటింగులకు వెళ్తున్నావనీ, వచ్చే నెల ధర్నా కూడా ఉందనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. పాపం, టెన్షన్ పడుతోంది. నాకు మాత్రం సంతోషంగా ఉంది. ముప్పై ఏళ్ల క్రితం ఇదే కాలిఫోర్నియాలో నేనూ స్నేహితురాళ్ల వెంట అలాగే వెళ్లాను. అందుకే ఈ ఉత్తరం.

ముందు వాళ్ల కథ తెలుసుకో. 1968 మార్చిలో ఈస్ట్ లాస్ ఏంజిలిస్ హైస్కూళ్లలో వేలమంది పిల్లలు క్లాసులు వదిలి బయటికొచ్చారు. బడిలో స్పానిష్ మాట్లాడితే శిక్షించేవారు, పాఠాల్లో వాళ్ల చరిత్ర ఉండేది కాదు. వాళ్లకు అండగా నిలిచిన సాల్ కాస్ట్రో మాస్టారిని క్లాసులకు దూరం పెడితే, తల్లిదండ్రులూ విద్యార్థులూ స్కూల్ బోర్డు ఆఫీసులో రోజుల తరబడి బైఠాయించి ఆయన్ను వెనక్కి తెచ్చుకున్నారు. మరుసటి ఏడాది శాంటా బార్బరాలో కూర్చుని ఏ చదువు కావాలో కాగితం మీద పెట్టుకున్నారు. వాళ్ల విద్యార్థి సంఘాలకు 'మేచా' అన్న ఉమ్మడి పేరు అక్కడే పుట్టింది.

1993లో చికానో స్టడీస్ డిపార్ట్‌మెంట్ కోసం లాస్ ఏంజిలిస్‌లోని యూసీఎల్ఏ యూనివర్సిటీలో విద్యార్థులూ వాళ్లకు తోడు నిలిచినవాళ్లూ 14 రోజులు నిరాహార దీక్ష చేశారు. నిరాహార దీక్ష అంటే మనకు పొట్టి శ్రీరాములు గారు గుర్తొస్తారు కదా, నేను ఆ భయంతోనే చూడ్డానికి వెళ్లాను. టెంట్ల పక్కన మడత కుర్చీలో ఒక ముసలమ్మ కూర్చుని, ఎవరో పిల్లవాడి పాదాలకు దుప్పటి సర్దుతోంది. ఆ దీక్షతో దక్కింది ఒక సెంటర్. డిపార్ట్‌మెంట్ కావడానికి 2005 దాకా పట్టింది. అంటే పన్నెండేళ్లు! దీక్షలో కూర్చున్న పిల్లలు అప్పటికి ఎప్పుడో చదువు ముగించి వెళ్లిపోయారు.

ఇక్కడే జాగ్రత్త. విద్యార్థులు నాలుగేళ్లకు మారిపోతారు, ఆఫీసులు అలాగే ఉంటాయి. నేను చదివిన చోట ఒక పెద్దమనిషి ఏప్రిల్‌లో మా కోరికలన్నిటికీ సరేనన్నారు. చప్పట్లు కొట్టి ఇళ్లకు పోయాం. సెప్టెంబరులో వెళ్తే, ఆ కుర్చీలో ఉన్న కొత్తాయన "అలాంటి మాట మా రికార్డులో లేదు" అన్నారు. ఆ రోజు నేను బాత్రూంలో ఏడ్చాను. నువ్వు మాత్రం ఎవరు, ఎప్పటిలోగా, ఎంత డబ్బుతో చేస్తారో రాయించి సంతకం తీసుకో. మీటింగుల మినిట్స్ రాసి ఫైలు చేయడం మొదటి సంవత్సరం పిల్లల్లో ఒకరికి ఇప్పటి నుంచే నేర్పు.

అన్నిటికంటే ముఖ్యం, ఇళ్లకు వెళ్లు. కాలేజీ చదువుకు ప్రభుత్వ సాయం అడిగే ఫాఫ్సా ఫారం నింపడానికి మేం ఒక ఇంటికి వెళ్తే, ఆ తల్లి బటర్ కుకీల రేకు డబ్బా తెచ్చి టేబుల్ మీద పెట్టింది. లోపల పే స్లిప్పులు, కరెంటు బిల్లులు, పిల్ల టీకాల కార్డు. అన్నీ చూపించాక ఒక్కటే అడిగింది: "అక్కడ నా కూతురు రాత్రి ఎక్కడ పడుకుంటుంది?" నేను విశాఖపట్నం హాస్టల్‌కు వెళ్లేటప్పుడు మా అమ్మ అడిగిందీ అదే. ఆ తల్లిని కాలేజీ హాస్టల్ గది చూడ్డానికి తీసుకెళ్లాం. ఆ పిల్ల చేరింది. ఎన్ని ఊరేగింపులు చేసినా రానంత బలం నాకు ఆ రోజు వచ్చింది.

అమెరికాలో ఉండటానికి పత్రాలు లేని పిల్లలకు ఫాఫ్సా వద్దు, వాళ్లకు కాలిఫోర్నియా డ్రీమ్ యాక్ట్ అప్లికేషన్ వేరే ఉంది. వాళ్ల సంగతి ఎవరి ముందూ ఎత్తకు, ఫోటోలు పెట్టకు. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద వచ్చిన మన తెలుగు పిల్లలు తోడొస్తామంటే వంట పని, అనువాదాల పని ఇవ్వు, అరెస్టులయ్యే చోటికి మాత్రం తీసుకెళ్లకు. మైకు ఇస్తే నీ చికానో రూమ్మేట్‌కు అందించు, అది వాళ్ల గొంతు. కుర్చీలు సర్దే పని నువ్వు తీసుకో.

శనివారం హైస్కూల్లో ఫారాలు నింపిస్తున్నారన్నావుగా. పెన్నులు ఎక్కువ పట్టుకెళ్లు. ఎవరైనా తమాలె, అదే మొక్కజొన్న పిండిలో కూరిక పెట్టి ఆవిరి మీద ఉడికించే వాళ్ల వంటకం, పెడితే మొహమాటపడకుండా తిను. మాంసం లేనిది కావాలంటే ముందే చెప్పు, వాళ్లు ఏమీ అనుకోరు. అమ్మతో నేను మాట్లాడతాలే.

ప్రేమతో,
మీ పెద్దమ్మ