పెంపుడు కుక్కలు – మీ ప్రశ్నలు: పిడుదుల జ్వరానికి అవే మాత్రలు మళ్లీ వేయొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది తిరుపతి కొర్లగుంట. మా ల్యాబ్రడార్ కుక్కకి మూడేళ్లు. పోయిన నెల జ్వరమొచ్చి తిండి మానేస్తే టిక్ ఫీవర్, అంటే పిడుదుల జ్వరం అని డాక్సీసైక్లిన్ మాత్రలు రాసిచ్చారు. అయిదు రోజులు వేసినాం, ఆరో రోజు పెరుగన్నం గిన్నె నాకి నాకి తిన్నాడు, బాగైపోయిందిలే అని ఆపేసినాం. ఇప్పుడు మళ్లీ లేవకుండా పడుకునే ఉండాడు, నిన్నట్నించి ఉచ్చ కాఫీ డికాషన్ మాదిరి వస్తా ఉంది. అవే మాత్రలు మళ్లీ మొదలుపెట్టేదా?

జవాబు: మీకు ఫోన్లోనే చెప్పేశానమ్మా, ఆ రోజే ఆస్పత్రికి తీసుకుపొమ్మని. మిగతావాళ్లకి పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నా.

ఉచ్చ ఆ రంగులో వచ్చిందంటే ఎర్ర కణాలు పగిలిపోతున్నాయేమో అని మొదట అనుమానించాలి, అది ఎక్కువగా బెబీసియా అనే క్రిమి చేసే పని. మనం టిక్ ఫీవర్ అని ఒకే పేరు పెట్టేసుకున్నాం గానీ అది ఒక జబ్బు కాదు. ఎర్లికియా బ్యాక్టీరియా, తెల్ల కణాల్లో దూరుతుంది, రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు పడిపోయి కొన్నిటికి ముక్కు నుంచి రక్తం కూడా కారుతుంది. బెబీసియా వేరే, అది పరాన్నజీవి, ఎర్ర కణం లోపలే కాపురం పెడుతుంది. హెపటోజూన్ అని ఇంకోటుంది, అది పిడుదు కుట్టినందుకు కాదు, కుక్క ఒళ్లు కొరుక్కుంటూ పిడుదుని మింగేస్తే వస్తుంది. ఒకే కుక్కలో రెండు కలిసి ఉండేది కూడా మామూలే.

డాక్సీ ఎర్లికియాకి మంచి మందే, కానీ మామూలుగా 28 రోజులు వాడాలి. రెండు మూడు రోజుల్లోనే కుక్క తోక ఊపుతుంది చూడండి, అక్కడే అందరం మోసపోతాం. బెబీసియాకి మాత్రం ఒక్క డాక్సీ చాలదు. పెద్ద రకం బెబీసియా అయితే ఇమిడోకార్బ్ ఇంజెక్షన్, 14 రోజుల తేడాతో రెండు. అది పొడిస్తే నొప్పి, చొల్లు కారుతుంది, వాంతులవుతాయి, అందుకే చాలామంది డాక్టర్లు చొల్లు, వాంతులు తగ్గడానికి ముందు అట్రోపిన్ ఇస్తారు. చిన్న రకం, అంటే గిబ్సోనై అయితే ఇమిడోకార్బ్‌కి సరిగా లొంగదు, దానికి అటోవాక్వోన్, అజిత్రోమైసిన్ కలిపి 10 రోజులు, అటోవాక్వోన్‌ని నెయ్యో గుడ్డో ఉన్న తిండితో పెడితేనే ఒంటికి పడుతుంది. ఖర్చు ఎక్కువే, దాచేదేముంది. అందుకే ఏ పురుగో తెలీకుండా మందు మొదలుపెట్టొద్దని నా పోరు.

ఇంట్లో మీరు చూడగలిగింది ఒకటుంది. పై పెదవి ఎత్తి చిగురు మీద బొటనవేలితో నొక్కి వదలండి. తెల్లబడిన చోటు రెండు సెకన్లలోపు మళ్లీ గులాబీ రంగుకి రావాలి. నొక్కకముందే చిగురు సున్నం కొట్టిన గోడలా ఉంటే ఇంక రేపు చూద్దాం అనొద్దు, రక్తం ఎక్కించాల్సి రావచ్చు. జ్వరం తగ్గిద్దామని మనం వేసుకునే ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ అస్సలు వేయొద్దు, కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి.

ప్రశ్న: చిత్తూరు నుంచి రాస్తున్నా సార్. మా నాటు కుక్కకి రక్తపరీక్షలో ఏమీ కనపడలేదని రిపోర్టు వచ్చింది, అయినా డాక్టరు మందులు మొదలుపెట్టినాడు. డబ్బుల కోసమా?

జవాబు: అయ్యో, అంత మాట ఎందుకు బాబూ. స్లైడు మీద చూసేది ఒక్క చుక్క రక్తం, అందులో పురుగు లేకపోతే ఒంట్లో లేనట్టు కాదు. కాలి నరం నుంచి తీసేదాని కన్నా చెవి అంచున సూదితో గుచ్చి తీసిన చుక్కలో బెబీసియా దొరికే అవకాశం ఎక్కువ, మీ డాక్టర్ని అడిగి చూడండి. ప్లేట్‌లెట్లు బాగా తక్కువుండి, జ్వరముండి, ఒంటి మీద పిడుదులుంటే రిపోర్టు కోసం ఆగకుండా ఎర్లికియాకి మందు మొదలుపెట్టేది తప్పు కాదు. తేల్చుకోవాలంటే పీసీఆర్, అంటే రక్తంలో క్రిమి జన్యువుని వెతికే పరీక్ష చేయించాలి. అక్కడికి దగ్గరే కాబట్టి తిరుపతి వెటర్నరీ కాలేజీ ఆస్పత్రిలో కూడా ఒకసారి చూపించుకోండి. క్రిమి మీద పోరాడను ఒళ్లు తయారుచేసుకునే యాంటీబాడీలని చూసే కిట్టు పాజిటివ్ వస్తే మాత్రం కంగారు వద్దు, జబ్బు తగ్గాక కూడా అది నెలల తరబడి అట్లే చూపిస్తుంది.

ప్రశ్న: పిడుదులకి కిరసనాయిలు పూయొచ్చా? ఎన్ని పీకినా మళ్లీ వస్తా ఉండాయి. (చంద్రగిరి)

జవాబు: వద్దమ్మా, తోలు కాలుతుంది, పైగా కుక్క దాన్ని నాకేస్తుంది. మీరు పీకేవి కుక్క మీదివి, గుడ్లేమో గోడ సందుల్లో, మంచం కోళ్ల కింద ఉంటాయి, ఒక్క ఆడ పిడుదు వేలల్లో పెడుతుంది. కుక్కకి అఫాక్సోలానర్ మాత్ర నెలకొకటి, లేదా ఫ్లురాలానర్ మూడు నెలలకొకటి, బరువు చూసి డాక్టరే ఇస్తారు. కుక్క పడుకునే చోట గోడ నెర్రెలన్నీ సిమెంటుతో పూడ్చేయండి. పీకాల్సొస్తే పట్టకారుతో తోలుకి ఆనించి పట్టి నిదానంగా లాగండి, వేళ్లతో చిదమొద్దు, అదే పిడుదు మనుషులకి కూడా ఒక రకం టైఫస్ జ్వరం అంటించగలదు.